ఉత్త సీసా

నీళ్ళు పట్టి సీసాల్లో పోసే పనికి నెలజీతం ఇస్తారని చెబితే మా మామయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "నలభై ఏళ్ళు నేను చేసిందేంటి మరి? నాకెవడిచ్చాడమ్మాయ్ జీతం?" అన్నాడు.

మామయ్య, అంటే మా ఆయన నాన్న, బావులు తవ్వించే మనిషి. మా చుట్టుపక్కలంతా వేడినీటి బుగ్గలు. ఎక్కడ గడ్డపార వేసినా గంధకం కంపు కొట్టే నీళ్ళన్నా పడతాయి, నోట పెట్టలేని ఉప్పునీళ్ళన్నా పడతాయి. అలాంటి నేలలో మంచినీళ్ళు పట్టాలంటే ఆయన్నే పిలవాలి. గుంటలో ఊరిన నీళ్ళు రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, "ఇక్కడ ఆపండి" అనో, "ఇంకో నిలువు దిగండి" అనో చెప్పేవాడు. మా పెరట్లో బావి మా ఆయనకి పదేళ్ళప్పుడు తవ్వాడట. రాయి తగిలింది, ఇక చాలు ఆపెయ్యమని అందరూ మొత్తుకుంటే వినకుండా, ఆ రాయి పగలగొట్టించి ఇంకో రెండు నిలువులు దిగాడట. అప్పుడు పడ్డాయి తియ్యటి నీళ్ళు. చలికాలం పొద్దున్నే చేదితే గోరువెచ్చగా ఉండేవి. మా వీధి వీధంతా ఆ నీళ్ళే తాగేది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు, మెచ్చుకోలు తప్ప.

ఆ ఎండాకాలం కొండల కింద ఎంత వేడి ఉందో, దాని వెంట ఏ లోహాలున్నాయో తేల్చుకోవడానికి ఒక కంపెనీ వచ్చింది. వేడి బాగా ఉంటే ఆవిరి తోడి కరెంటు తీస్తారట. నేల తవ్వే ముందు బుగ్గల నీళ్ళు పరీక్ష చేస్తారు, డాక్టరు ముందు నాడి చూసినట్టు. ఆ పని మీద వచ్చిన ఆయన్ని ఊరంతా సీసాల సారు అనేవాళ్ళు. మా ఆయన సారు జీపు నడిపేవాడు. సీసాల మీద నంబర్లు కుదురుగా రాసే మనిషి కావాలంటే నన్ను చూపించాడు. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని చెప్పాడట. ఇంట్లో ఆ మాట ఒక్కనాడూ అన్న పాపాన పోలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అప్పటికి నాకు రెండు కాన్పులు పోయాయి. ఒకటి ఐదో నెలలో, ఒకటి ఏడో నెలలో. రెండోది మగపిల్లాడు. పనిలో చేరిన వారానికే మళ్ళీ నెల తప్పింది. సారుకి చెప్పలేదు, చెబితే కొండలెక్కనివ్వడని. ఇంట్లో మాత్రం అత్తయ్య నేను చెప్పకుండానే పట్టేసింది. ఆ మర్నాటి నుంచీ పొద్దున్నే మంచం దగ్గరికి గ్లాసు నీళ్ళు పట్టుకొచ్చేది.

"పరగడుపున తాగు. అప్పుడే చేదినవి. కడుపు చల్లగా ఉంటుంది."

పోయిన రెండుసార్లూ కూడా అలాగే తెచ్చింది. ఊళ్ళో కోడళ్ళు నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళు, అంత మంచి అత్తగారు. గ్లాసు అందుకుంటుంటే ఆవిడ అరచెయ్యి గరుగ్గా తగిలేది. రెండు అరచేతుల నిండా బఠాణీ గింజలంత ఆనెకాయలు. వీపు మీదా మెడ మీదా చిన్న చిన్న నల్లమచ్చలు. "బండచాకిరీ చేసిన చేతులే అమ్మాయ్, పూలు పూస్తాయా?" అనేది. నిజమే కాబోలు అనుకునేదాన్ని.

మొదటి రోజు బుగ్గ దగ్గర సారు నాకు పాఠం చెప్పాడు. మనిషి సన్నగా పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పారేసుకున్నట్టు జేబులు తడుముకుంటూ ఉంటాడు కానీ, పనిలో దిగితే మహా చాదస్తం. ముందు థర్మామీటరు దించాలి. తర్వాత సిరంజితో నీళ్ళు లాగి వడపోత బిళ్ళలోంచి సీసాలోకి నెట్టాలి. సీసాని ఆ నీళ్ళతోనే మూడుసార్లు కడిగి పారబోసి, నాలుగోసారి నింపాలి. ఒక్కో బుగ్గకి మూడు సీసాలు. తెల్లమూత దాంట్లో ఏమీ కలపకూడదు. ఎర్రమూత దాంట్లో రెండు చుక్కలు యాసిడ్. నీలంమూత దాంట్లో ఒక వంతు బుగ్గ నీళ్ళకి తొమ్మిది వంతులు డిస్టిల్డ్ వాటర్. అది పట్నం నుంచి పెద్ద తెల్ల డబ్బాలో వచ్చేది. అందులో ఏ ఉప్పూ ఏ లోహమూ ఉండదట.

"ఇరవై సీసాలకి ఒకటి ఉత్త సీసా పెట్టాలి" అన్నాడు.

"ఉత్త సీసా పంపిస్తే నవ్వరూ సార్?"

"ఖాళీది కాదమ్మా. ఆ డబ్బాలో నీళ్ళే సిరంజితో లాగి, వడకట్టి, యాసిడ్ వేసి, మిగతావాటిలాగే నంబరేసి పంపుతాం. ల్యాబువాళ్ళకి ఏది ఏదో తెలీదు. దాంట్లో ఏమీ తేలకూడదు. ఏమన్నా తేలిందంటే అది నేలలోది కాదు, మన చేతులది. మన తప్పు పట్టించేది అదొక్కటే."

మా ఆయన జీపుకి జారబడి నవ్వాడు. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మీరు సీసాతో పడతారా సార్?"

"ఈశ్వరుడి సంగతి నాకు తెలీదయ్యా, సీసా మాత్రం పడుతుంది" అన్నాడు సారు. తర్వాత నావైపు తిరిగి, "ఒక్కటి గుర్తు పెట్టుకో. ఈ బుగ్గల నీళ్ళు పొరపాటున కూడా నోట్లో పోసుకోవద్దు. ఆర్సెనిక్ ఉంటుంది. పాషాణం అంటారే, అదే. రంగుండదు, వాసనుండదు, రుచుండదు" అన్నాడు.

సాయంత్రం ఇంట్లో ఈ మాట చెబితే మామయ్య ఒప్పుకోలేదు. "రుచి లేకపోవడమేంటి? విషమంటే చేదుగా ఉండదూ? మీ సారుని ఒకసారి తీసుకురా, నీళ్ళంటే ఏంటో నేను చెబుతా" అన్నాడు.

పని నాకు నచ్చింది, ఎందుకు అబద్ధం చెప్పాలి. వేవిళ్ళతో కడుపులో తిప్పుతున్నా, గంధకం కంపుకి ముక్కులు పగిలిపోతున్నా, పొద్దుపోయేసరికి సీసాలన్నీ వరసగా పెట్టెలో సర్దుకుంటే నాకేదో గొప్పగా ఉండేది. సారు నన్ను ఒక్కమాట అనలేదు. "నీ సీసాల్లో తప్పుండదమ్మా" అనేవాడు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు.

అన్నిటికన్నా దూరపు బుగ్గకి వెళ్ళిన రోజు కొండ ఎక్కుతుంటే జీపు పొగలు కక్కింది. సారు సుత్తి పట్టుకుని రాళ్ళేరుకుంటూ ముందుకి నడిచి వెళ్ళిపోయాడు. నేను పెట్టెలు దించి వెనక్కొచ్చేసరికి మా ఆయన బానెట్ ఎత్తి, తెల్ల డబ్బాని రేడియేటర్లోకి వంచుతున్నాడు. అడుగున నాలుగు చుక్కలు మిగిలాయి.

"ఎంత పని చేశావు! అవి పరీక్ష నీళ్ళు కదా!"

"ఇంజను కాలిపోతుంటే పరీక్షేంటి నీ మొహం! నీళ్ళు నీళ్ళే" అన్నాడు. అన్నాక తనకే భయమేసింది. అంతకుముందు నెలే జీపు లోయలోకి దించి కంపెనీ చేత చీవాట్లు తిన్నాడు. ఇంకొక్క తప్పు చేస్తే ఇంటికే అన్నారు. కొత్త డబ్బా రావడానికి ఇంకా మూడు వారాలుంది.

ఆ సాయంత్రం డబ్బా ఇంటికి తెచ్చి, వేడినీళ్ళతో తోమి, మా బావి నీళ్ళతో నింపాం. నింపాం అంటున్నాను కానీ చేదింది మామయ్యే. మా నీళ్ళు పరీక్షకి పట్నం వెళ్తాయని చెప్పగానే ఆయన మొహం చాటంత అయింది. చేద మీద చేద తోడి పోశాడు.

"చూడనీ పట్నంవాళ్ళు. వాళ్ళ మిషన్లకి దీంట్లో ఒక్క నలుసు దొరికితే నా చెవి కోసిస్తా."

నేనూ నమ్మాను. ఊరికే నమ్మలేదు, మనస్ఫూర్తిగా నమ్మాను. లోకంలో అంతకన్నా శుభ్రమైన నీళ్ళుంటాయని నాకు తోచలేదు. మూడు వారాలూ అదే నీళ్ళతో పలచన చేశాను, అదే నీళ్ళతో మూడు ఉత్త సీసాలు నింపాను. నంబర్లు ముత్యాల్లా రాశాను.

నెల తర్వాత ల్యాబు కాగితాలు వచ్చాయి. నేను వెళ్ళేసరికి సారు స్టోరు గదిలో కుర్చీలో కూర్చుని రెండు చేతులూ ముందు చాపుకుని చూసుకుంటున్నాడు. సబ్బుతో తోమీ తోమీ ఎర్రగా చేసుకున్నాడు. బల్ల మీద యాసిడ్ సీసా, సిరంజిలు, వడపోత బిళ్ళలు అన్నీ విప్పి పరిచి ఉన్నాయి.

"పుట్టి మునిగిందమ్మా. ఉత్త సీసాల్లో ఆర్సెనిక్ తేలింది" అన్నాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో నాకెప్పుడూ ఇలా జరగలేదు. అరవై పైన సీసాలు పారబొయ్యాలి. ఎండాకాలం మొత్తం పోయినట్టే. పై ఆఫీసరు ఫోన్‌లో ఏమన్నాడో నీకు చెప్పలేను."

నేను బల్ల మీది కాగితాలు దగ్గరికి లాక్కున్నాను.

"విచిత్రం ఏంటంటే మూడింట్లోనూ దాదాపు ఒకటే అంకె. లీటరుకి నూట ఎనభై మైక్రోగ్రాములు, నూట ఎనభై రెండు, నూట డెబ్బై తొమ్మిది. చేతుల మురికైతే ఒక్కోసారి ఒక్కోలా రావాలి కదా? ఎక్కడ తప్పు చేశానో అర్థం కావట్లేదు."

"తాగే నీళ్ళలో ఎంత వరకూ ఉండొచ్చు సార్?"

"పది. పది దాటకూడదు. ఎందుకూ?"

"ఊరికే" అన్నాను.

జీపులో మా ఆయనకి చెబితే "ఎవరికీ ఏమీ చెప్పకు" అన్నాడు. "చెబితే నా ఉద్యోగం పోతుంది, నీదీ పోతుంది. నాన్న అయితే గుండె ఆగి చస్తాడు. అయినా ల్యాబువాళ్ళు తప్పు చెయ్యకూడదా? పదేళ్ళప్పటి నుంచి తాగుతున్నాను, నాకేమైంది?"

నాకు అత్తయ్య అరచేతులు గుర్తొచ్చాయి. ఐదో నెల గుర్తొచ్చింది, ఏడో నెల గుర్తొచ్చింది. ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో వచ్చిన రెండుసార్లూ గుమ్మంలో ముందు నా చేతికి ఇచ్చింది ఆ బావి నీళ్ళే. ఇప్పుడు కడుపులో ఉన్నదానికి నాలుగో నెల దాటింది. చెబితే ఆ ఇంట్లో నా బతుకేంటో తెలీదు, చెప్పకపోతే దీని బతుకేంటో తెలీదు. అడకత్తెరలో పోకచెక్క అయింది నా పని.

మర్నాడు పొద్దున్న అత్తయ్య గ్లాసుతో వచ్చింది.

"వద్దత్తయ్యా, కడుపులో తిప్పుతోంది" అన్నాను మొహం అటు తిప్పుకుని.

"రెండు గుక్కలైనా తాగు."

"నా వల్ల కాదు."

"సరేలే, బలవంతమెందుకు" అంది. మంచినీళ్ళు పారబోస్తే ఆవిడకి మనసొప్పదు. అక్కడే నిలబడి, నేను చూస్తుండగానే, గ్లాసెత్తి గటగటా తనే తాగేసింది.

నేను చెప్పులేసుకుని సారు గదికి నడిచి వెళ్ళాను. జీపు కోసం ఆగలేదు. గుమ్మంలోనే నిలబడి రేడియేటర్ సంగతి, డబ్బా సంగతి, బావి సంగతి అంతా చెప్పేశాను. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన కుర్చీలోంచి లేచి, "ఇప్పటికీ తాగుతున్నారా ఆ నీళ్ళు?" అని అడిగాడు.

"తాగుతున్నాం సార్. వీధంతా తాగుతుంది. నేను నీళ్ళోసుకున్నాను కూడా, మీకు చెప్పలేదు."

ఆయన అల్మారాలోంచి చిన్న పెట్టె తీసుకుని నాతో బయల్దేరాడు. దార్లో ఒక్కసారి మాత్రం, "నా చేతులు కాదన్నమాట" అన్నాడు తనలో తను. నవ్వలేక, ఏడవలేక పక్కన నడిచాను.

మామయ్యకి ముందు సంతోషమైంది, సారు మా ఇంటికొచ్చాడని. బావి చూపించాడు, రాయి పగలగొట్టిన కథ చెప్పాడు, చేదతో నీళ్ళు తోడి పోశాడు. సారు ఆ నీళ్ళు చిన్న సీసాలో పట్టి, ఏవో పొడులు వేసి, మూతలో తెల్ల కాగితం ముక్క బిగించాడు. "ఇరవై నిమిషాలు ఆగాలి. కాగితం తెల్లగానే ఉంటే భయం లేదు" అన్నాడు. అప్పుడు చెప్పాడు ఎందుకొచ్చాడో.

మామయ్య నావైపు ఒక చూపు చూశాడు. ఇంతవరకూ ఆ చూపు మర్చిపోలేదు. తర్వాత గ్లాసు ముంచుకుని, రెండు చుక్కలు నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"ఏమీ లేదు సారూ. తియ్యగా ఉన్నాయి" అన్నాడు.

"రుచికి తెలీదు పెద్దాయనా. ఎవరి నాలుకకీ తెలీదు."

నలుగురం ఆ కాగితం ముక్క వంక చూస్తూ కూర్చున్నాం. ముందు పసుపు పచ్చగా మారింది. తర్వాత ముదిరి, ముదిరి, గోధుమరంగుకి తిరిగింది. సారు దాన్ని తీసి పెట్టె మీద అచ్చేసిన రంగుల పక్కన పెట్టి చూపించాడు. చివరి గడికి ఒక్క గడి ముందు ఆగింది.

"లోపలెక్కడో బుగ్గనీరు వచ్చి కలుస్తోంది. చలికాలంలో గోరువెచ్చగా ఉండేది అందుకే" అన్నాడు. తర్వాత అత్తయ్యని చేతులు చూపించమని అడిగాడు. ఆవిడ సిగ్గుపడుతూ చాపింది. ఆయన వాటిని పట్టుకుని చూసి మెల్లిగా వదిలేశాడు. ఈ ఆనెకాయలు చాకిరీవి కావు, ఆ నీళ్ళవల్లే అయ్యుంటాయని, పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని నాతో చెప్పాడు.

"రాయి దగ్గరే ఆపేసుంటే ఏమయ్యేది సారూ?" అన్నాడు మామయ్య.

సారుకి అబద్ధం చెప్పడం రాదు. "పైనీళ్ళు ఉప్పగా ఉంటాయి కదా, ఎవరూ తాగుండరు" అన్నాడు.

అత్తయ్య నావైపు చూసింది. "అయితే బాబూ, దానికి పోయిన ఆ రెండూ కూడా దీనివల్లేనా?" అని అడిగింది.

"అలా చెప్పలేమమ్మా. కావచ్చు, కాకపోవచ్చు."

అందులో సగం మాటే ఆవిడ చెవిన పడింది. లేచి వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళి చూస్తే, పొద్దున్నే నాకు నీళ్ళు తెచ్చే ఆ గ్లాసుని మళ్ళీ మళ్ళీ తోముతూ కూర్చుని ఉంది.

వీధివాళ్ళకి నేను చెబుతానంటే మామయ్య వద్దన్నాడు. తనే ఇంటింటికీ వెళ్ళి, గుమ్మం బయటే నిలబడి చెప్పాడు. పక్కింటి టైలరమ్మ శాపనార్థాలు పెట్టింది, ఇన్నాళ్ళూ మా పిల్లలకి విషం పోశావా అని. ఎదురింటి ముసలాయన, "ఇన్నేళ్ళూ తాగి చచ్చామా? వాళ్ళేదో కరెంటు కోసం మన బావులు మూయించడానికి చూస్తున్నారు" అని ఓదార్చాడు. ఆ ఓదార్పే మామయ్యని ఎక్కువ బాధపెట్టిందనుకుంటా. మర్నాడే గిలక ఊడదీశాడు. కూలివాళ్ళని పెట్టుకోకుండా, తట్టలతో మట్టి మోసి తనొక్కడే బావి పూడ్చాడు. మా ఆయన సాయం చెయ్యబోతే కసిరాడు. పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ తర్వాత ఆయన దేని రుచీ చెప్పలేదు. కూరలో ఉప్పు వెయ్యడం మర్చిపోయినా మాట్లాడకుండా తినేసి లేచిపోయేవాడు.

మా ఆయన ఉద్యోగం పోయింది, నాదీ పోయింది. లారీ పని దొరికేదాకా ఆయన నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. సారు మాత్రం తప్పంతా తన అజమాయిషీ లోపమని రాసుకుని, ఎండాకాలం ముగిసేలోపే సీసాలు సర్దుకుని వెళ్ళిపోయాడు. కంపెనీ మళ్ళీ రాలేదు. వీధికి ట్యాంకరు నీళ్ళు మాత్రం వస్తున్నాయి, అది కూడా ఆయన రాసిన ఉత్తరం వల్లే.

చలికాలంలో నాకు ఆడపిల్ల పుట్టింది. నిక్షేపంగా ఉంది. చిట్టి అని పిలుస్తాం. అత్తయ్య దాన్ని కాళ్ళ మీద వేసుకుని పెంచింది. స్నానాలు చేయించింది, అన్నం తినిపించింది, ఆ గరుకు చేతులతోనే జోకొట్టి నిద్రపుచ్చింది. చిట్టి లోకంలో నాన్నమ్మ తర్వాతే నేను. కానీ ఒక్కటి గమనించడానికి నాకు చాలాకాలం పట్టింది. చిట్టి దాహమన్నప్పుడల్లా ఆవిడ నన్ను కేకేస్తుంది.

ఒకరోజు పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను, మోచేతుల దాకా నురగ. "అమ్మాయ్, చిట్టికి మంచినీళ్ళు కావాలట" అని లోపల్నుంచి పిలిచింది. విసుగొచ్చింది నాకు. వెళ్ళి చూస్తే ట్యాంకరు నీళ్ళు కాచి పోసిన కూజా ఆవిడ మోకాలి పక్కనే ఉంది, దాని మీద గ్లాసు బోర్లించి ఉంది. చిట్టి ఒళ్ళో కూర్చుని నాలుక చాపి చూపిస్తోంది.

"పక్కనే ఉంది కదత్తయ్యా, కాస్త పొయ్యకూడదూ?" అన్నాను.

అత్తయ్య రెండు అరచేతులూ చీర కొంగు కింద దాచుకుంది.

"నువ్వే పొయ్యమ్మా. నీళ్ళు మాత్రం నా చేత్తో వద్దు" అంది.

నేను చేతులు తుడుచుకుని గ్లాసు అందుకున్నాను.